ప్లాస్టిక్ ట్యూబునకు పంక్చరు పడినచో

సైకిలు మన ఊళ్ళలోనికి వచ్చిననాటినుండియు పంక్చరు దాని వెంటనే వచ్చినది. తుమ్మముల్లు, చెప్పుమేకు, పగిలిన సీసాపెంకు, విరిగిన తీగముక్క ఇవి దారిలో ఉన్నంతకాలము చక్రములోని గాలి మన అదుపులో పూర్తిగా ఉండదు. అందువలననే ఏ ఊరి మలుపున చూచినను ఒక నీళ్ళతొట్టి, ఒక గాలిపంపు, కొక్కెమునకు వ్రేలాడు నాలుగు పాత టైర్లు, వాని నడుమ చిన్నపీటపై కూర్చుండి ట్యూబును నీటిలో ముంచి బుడగలకై చూచు మనిషి కానవచ్చును. ఆయన చేయు పని మనమందరము ప్రక్కన నిలుచుండి చూచినదే. బుడగ వచ్చినచోట గుర్తుపెట్టును, తడి తుడుచును, ఆకురాయితో గీకును, సొల్యూషను పూసి ఆరనిచ్చును, రబ్బరుముక్క నంటించి సుత్తితో నాలుగు దెబ్బలు వేయును. పది పదిహేను నిమిషములలో సైకిలు మరల దారిపట్టును.

ఇటీవలి సంవత్సరములలో ఈ చిరపరిచితమైన పనికి ఒక చిక్కు వచ్చిపడినది. తేలికసైకిళ్ళు నడుపువారు కొందరు రబ్బరు ట్యూబునకు మారుగా పలుచని ప్లాస్టిక్ ట్యూబును వాడుచున్నారు. నారింజరంగుననో, నీలిరంగుననో, కాక ఆవలివస్తువు మసకగా కానవచ్చునంత పారదర్శకముగనో ఉండు ఈ ట్యూబు మడచినచో గుప్పిటలో ఇముడును. దీనికి రంధ్రము పడినప్పుడు పైని చెప్పిన పద్ధతియంతయు తు.చ. తప్పక పాటించినను ప్రయోజనము లేదు. అంటించిన ముక్క కొంతదూరము పోకముందే అంచునుండి లేచిపోవును. ఒక్కొక్కప్పుడు ఆకురాయితో గీకినచోటనే క్రొత్తరంధ్రము పడును. సైకిలు యజమాని పనివానిని తప్పుపట్టును. పనివాడు ట్యూబును తప్పుపట్టును. రబ్బరు ట్యూబు ధరకు పలురెట్లు పెట్టి కొన్న వస్తువు చెత్తకుండీ పాలగును. ఊరికి దూరమున, పొద్దువాలువేళ ఇది సంభవించినచో సైకిలును నడిపించుకొని ఇల్లు చేరుట తప్ప గత్యంతరము లేదు.

నిజమునకు ఇందు పనివాని నేర్పునందును లోపము లేదు. ట్యూబునందును లోపము లేదు. ఒక పదార్థమునకు తగిన వైద్యమును వేరొక పదార్థమునకు చేయుటయే లోపము. ఆ పదార్థభేదమెట్టిది, ప్లాస్టిక్ ట్యూబునకు తగిన మరమ్మతు ఎట్లు చేయవలెను అను విషయములను మేమీ ప్రసంగమున వివరింపదలచితిమి.

ముందుగా కొంచెము పూర్వకథ. గాలితో నింపిన చక్రమును మొదట ఊహించినవాడు స్కాట్లండు దేశీయుడగు రాబర్టు విలియం థామ్సన్. ఆయన 1845లో దానికి పేటెంటు పొందెను. గుఱ్ఱపుబండ్లకై ఉద్దేశించిన ఆ చక్రము వాడుకలో నిలువలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగానుండిన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికొరకు రబ్బరుగొట్టమున గాలి నింపి, ఆ ఉపాయమును తనకు తానుగా మరల కనుగొనెను. సైకిలు నడుపువారికి అది వరమైనది. అయితే ఆ తొలి టైర్లను చక్రమునకు జిగురుతో అంటించివేసెడివారు. ముల్లు గ్రుచ్చుకొన్నచో టైరును ఊడబెరికి, బాగుచేసి, మరల అంటించి, జిగురు ఆరువరకు వేచియుండవలెను. అది గంటలకొలది పని. ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సోదరులు ఊడదీసి తొడుగుటకు వీలైన టైరును 1891లో తెచ్చిరి. ఆ సంవత్సరమే జరిగిన పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెమున షార్ల్ టెరాన్ ఆ టైర్లపైననే గెలుపొందెను.

గాలిచక్రము లోకమున స్థిరపడుటకు దాని మెత్తదనమెంత కారణమో, దారిప్రక్కన దానిని బాగుచేసికొనగలుగుటయు అంతే కారణము. బాగుచేసికొనుటకు వీలులేని వస్తువు ఎంత గొప్పదైనను సామాన్యుని యింట చిరకాలము నిలువదు. నేటి ప్లాస్టిక్ ట్యూబు విషయమునందును ఈ మాటయే వర్తించును.

ఇక రబ్బరు సంగతి. చెట్టుపాలనుండి తీసిన పచ్చిరబ్బరు ఎండలో జిగటగాను, చలిలో బిరుసుగాను మారును. దానిని గంధకముతో కలిపి కాచినచో ఆ దోషములు తొలగునని 1839లో అమెరికా దేశమున చార్లెస్ గుడియర్ కనుగొనెను. రబ్బరు అనగా పొడవైన దారములవంటి అణువుల చిక్కుముద్ద. గంధకము ఆ దారముల నడుమ అచ్చటచ్చట ముడులు వేయును. ముడులు పడిన పిమ్మట దారములు సాగునుగాని ఒకదానిపైనొకటి జారిపోవు; లాగి విడిచినచో తమ చోటికి తిరిగివచ్చును. దీనికి వల్కనీకరణమని పేరు. గుడ్డు ఒకసారి ఉడికిన తరువాత మరల ద్రవము కానట్లే, వల్కనీకరణము పొందిన రబ్బరు మరల కరగదు. కాచు పనిలేకుండ చల్లగానే ఇట్టి ముడులను వేయవచ్చునని 1846లో ఇంగ్లండునందు అలెగ్జాండర్ పార్క్స్ చూపెను.

మన పంక్చరు షాపులో జరుగునదియు ఇట్టి కార్యమే. సొల్యూషను అనగా పెట్రోలు జాతి ద్రావకములో కరగించిన రబ్బరు. మంచిరకములలో ముడులు త్వరగా పడుటకు తోడ్పడు మందులు కూడ కలిసియుండును. ఆకురాయితో గీకినప్పుడు ట్యూబుపైనున్న మురికి, పొడి పోయి లోపలి క్రొత్తరబ్బరు బయటపడును. సొల్యూషనులోని ద్రావకము ఆ పైపొరను కొంచెము ఉబ్బించి, దారముల చివరలను వదులుచేయును. ద్రావకము ఆరినపిమ్మట ముక్క నంటించినచో ముక్కలోని రబ్బరు, సొల్యూషనులోని రబ్బరు, ట్యూబులోని రబ్బరు ఒకదానితోనొకటి అల్లుకొనును. కావుననే బాగుగా పడిన ముక్క కొన్నిదినములకు ట్యూబులో భాగమైపోవును. గోటితో ఊడదీయబోయినను రాదు.

నేడు మన సైకిళ్ళలోనుండు నల్లని ట్యూబులు చాలవరకు బ్యూటైల్ రబ్బరుతో చేసినవి. చెట్టుపాలతో పనిలేని ఈ కృత్రిమరబ్బరును 1937లో అమెరికాలో విలియం స్పార్క్స్, రాబర్టు థామస్ అను శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. గాలిని చాలదినములు నిలుపుకొనుట దీని గొప్పగుణము. ఇది పుట్టుకచేత వేరైనను జాతిచేత రబ్బరే. గంధకపు ముడులు దీనిలోను పడును. అందుచేత ఆ సొల్యూషను, ఆ ముక్క దీనికిని చక్కగా పట్టుచున్నవి.

అదే 1937వ సంవత్సరమున జర్మనీలోని లెవర్కూజన్ అను చోట ఒట్టో బేయర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు వేరొక జాతి పదార్థమునకు దారితీసెను. దాని పేరు పాలియురెథేన్. పరుపులలోని స్పాంజి, చెప్పుల అడుగులు, కొయ్యసామానుకు పూయు మెరుగుపూతలు, ఇట్లు అనేకరూపములలో అది నేడు మన యిండ్లలోనున్నది. అందు వేడిచేసిన కరగి, చల్లార్చిన గట్టిపడు ఒక రకమునకు థర్మోప్లాస్టిక్ పాలియురెథేన్ అనియు, క్లుప్తముగా టి.పి.యు. అనియు పేరు. చేతిఫోనులకు తొడుగు మెత్తని కవర్లు తరచు దీనితో చేసినవే. మేము చెప్పుచున్న తేలిక ట్యూబు కూడ ఈ పదార్థముతో చేసినదే. పెట్టెపై టి.పి.యు. అను అక్షరములు ఉండుటనుబట్టి దీనిని గుర్తింపవచ్చును.

ఈ పదార్థపు దారములలో మెత్తనిభాగము, గట్టిభాగము ఒకదాని తరువాత ఒకటిగా కూర్చబడియుండును. మెత్తనిభాగములు సాగుటకు పనికివచ్చును. గట్టిభాగములు ఒకచోట గుమిగూడి పరస్పరము ఆకర్షించుకొని ముడులవలె పనిచేయును. అయితే ఇవి గంధకము వేసిన శాశ్వతమైన ముడులు కావు. వేడి తగిలినచో వదులగును. ఎక్కువగా లాగినచో కొంత జారును. రబ్బరుకును దీనికిని గల ముఖ్యభేదము ఇదియే. మరమ్మతులో మనము పాటింపవలసిన నియమములన్నియు దీనినుండి పుట్టినవే.

ఇంత చిక్కున్నను దీనిని జనులు ఏల వాడుచున్నారని శ్రోతలు అడుగవచ్చును. పందెపు సైకిళ్ళకు వాడు సన్నని టైరులోని మామూలు బ్యూటైల్ ట్యూబు సుమారు 100 గ్రాములు తూగును. అదే పరిమాణముగల ప్లాస్టిక్ ట్యూబు 35 మొదలు 40 గ్రాములవరకు తూగును. అంతకు తక్కువ తూగు రకములును కలవు. ఆస్ట్రియా దేశపు ట్యూబోలిటో, జర్మనీ దేశపు ష్వాల్బె సంస్థ 2020లో తెచ్చిన ఏరోథాన్ మొదలైనవి ఈ జాతిలో పేరుపొందినవి. రెండు చక్రములకు కలిపి 120 గ్రాములు తగ్గినవనుకొందము. చక్రపు అంచుననుండు బరువు ముందుకు పోవుటయేగాక తిరుగును కూడ. కావున సైకిలును నిలుకడనుండి వేగమునకు తెచ్చునప్పుడు అది రెండింతల బరువుగా లెక్కకు వచ్చును. అనగా 240 గ్రాములు. మనిషియు సైకిలును కలిసి 80 కిలోలున్నచో ఇది వెయ్యింట మూడుపాళ్ళు మాత్రమే. పందెగానికి అది విలువైనదే కావచ్చును. ఆఫీసునకు పోవువానికి తెలియనైన తెలియదు. సామాన్యునకు దీని నిజమైన ఉపయోగము వేరు. మడచినచో ఇది చాల చిన్నదగును గనుక సీటుక్రింది సంచిలో మారుట్యూబుగా పెట్టుకొనుటకు మిక్కిలి అనుకూలము.

ఇప్పుడు సొల్యూషను దీనికి ఏల పట్టదో సులభముగా తెలియును. పెట్రోలు జాతి ద్రావకము ఈ ప్లాస్టిక్ పైపొరను ఉబ్బించలేదు. ఉబ్బనిచో దారములు వదులుకావు. వదులుకానిచో అల్లిక లేదు. గంధకపు ముడులు పడుటకు ఇందు తగిన చోటును లేదు. సొల్యూషను పైపైన ఎండి చర్మమువలె నిలుచునంతే. గోడపై అంటించిన కాగితము వానకు ఊడినట్లు ట్యూబు కదలిన వెంటనే అది ఊడును. కొందరు తొందరలో క్షణములో అంటుకొను జిగురును వాడుదురు. అది ఎండినచో గాజువలె బిరుసెక్కును. చక్రము తిరిగినప్పుడల్లా ట్యూబు వంగుచుండును గదా. బిరుసైన జిగురు వంగలేక పగులును. కావున దీనికి ఈ పదార్థమునకై చేసిన ముక్కలే వాడవలెను. ఇవి చిన్న డబ్బీలో గాని కాగితపుసంచిలో గాని అమ్మబడును. వెనుకనున్న కాగితము ఒలిచి అంటించునవి కొన్ని. ప్రత్యేకమైన జిగురుతో అంటించునవి కొన్ని. వానితోపాటు స్పిరిటులో తడిపిన చిన్నగుడ్డ కూడ ఉండును.

ఇక మరమ్మతు క్రమము. గాలి పోయినట్లు తెలిసిన వెంటనే దిగవలెను. గాలిలేని టైరుపై పది గజములు నడిపినను పలుచని ట్యూబు రిమ్ముకును టైరుకును నడుమ నలిగి చెడును. చక్రమును ఊడదీసిన పిమ్మట టైరు బయటివైపు చూచి, మేకుగాని ముల్లుగాని కనిపించినచో ఆ చోటును సుద్దతో గుర్తుపెట్టవలెను. టైరును ఒకప్రక్క మాత్రమే విప్పవలెను. దీనికి ప్లాస్టిక్ లీవర్లు మేలు. స్క్రూడ్రైవరు మొదలైన ఇనుపవస్తువుల జోలికి పోరాదు. ఒక పంక్చరు బాగుచేయబోయి రెండవదానిని మన చేతులతో మనమే చేసినట్లగును.

రెండవది రంధ్రమును కనుగొనుట. రబ్బరు ట్యూబును బయట ఎంత పెద్దదిగా ఉబ్బించినను గాలితీసిన వెంటనే పూర్వరూపమునకు వచ్చును. ప్లాస్టిక్ ట్యూబు అట్లు రాదు. మేము పైని చెప్పిన గట్టిభాగపు ముడులు జారి, సాగినది సాగినట్లే నిలుచును. అట్టి ట్యూబు టైరులో సరిగా ఇమడక ముడతలుపడును. ముడతపడినచోట త్వరలో తెగును. కావున టైరు బయట దీనికి గాలి కొట్టునప్పుడు ముడతలు విడి గుండ్రని రూపము వచ్చునంతమాత్రమే కొట్టి ఆపవలెను. అంత కొద్దిగాలితో చిన్నరంధ్రము చప్పుడు చేయకపోవచ్చును. చెంపదగ్గర పెట్టుకొని నెమ్మదిగా త్రిప్పినచో చల్లనిగాలి తగులును. తగలనిచో నీటిలో ముంచి, కొంచెముకొంచెముగా వ్రేళ్ళతో నొక్కుచు బుడగకై చూడవలెను.

రంధ్రము దొరికిన పిమ్మట దానిచుట్టు గాక, దానికి నాలుగుదిక్కుల అంగుళము దూరమున కలముతో గీతలు పెట్టవలెను. సిరాగుర్తు ముక్క క్రిందికి వచ్చినచో అంటుట చెడును. ఈ సందర్భమున రంధ్రము మాట్లాడు భాషను కూడ వినవలెను. టైరుకు ఎదురుగానుండు వైపున ఒక్కటే రంధ్రమున్నచో ముల్లో మేకో కారణము. ప్రక్కప్రక్కన రెండు చీలికలున్నచో గాలి తక్కువగానుండి గుంటలోపడినప్పుడు రిమ్ము అంచు నొక్కినదని తెలియవలెను. రిమ్మువైపున ఉన్నచో స్పోకుచివరో, జరిగిన రిమ్ముపట్టీయో కారణము. కారణమును తొలగింపక ముక్క వేయుట చిల్లుకుండలో నీళ్ళు పోయుటవంటిది. టైరు లోపల ఒక దూదిపింజెను గాని పాతగుడ్డను గాని చుట్టును త్రిప్పినచో దాగియున్న ముల్లుకు అది తగులుకొనును. ఒట్టివ్రేళ్ళతో గబగబ తడుమరాదు; గాజుపెంకు వ్రేలిని కోయును.

మూడవది శుభ్రము చేయుట. మరమ్మతు నిలుచుట, నిలువకపోవుట సగము దీనిపైననే ఆధారపడియున్నది. ట్యూబులోని గాలిని పూర్తిగా తీసి, తడియుండినచో తుడిచి ఆరబెట్టి, చదునైన చోట పరచవలెను. ఆకురాయిగాని గరుకుకాగితముగాని తాకింపరాదు. రబ్బరు ట్యూబునకు గీకుట ఎంత అవసరమో, ఈ పలుచని ట్యూబునకు అంత అపాయము. దీనికి వలసినది గరుకుదనము గాదు, నిర్మలత. స్పిరిటుగుడ్డతో ముక్క పట్టుచోటును, దానికి చుట్టును కొంతమేర గట్టిగా తుడువవలెను. డబ్బీలోని గుడ్డ అయిపోయినచో మందులషాపులో సూదిమందుకు ముందు తుడుచుటకై అమ్ము స్పిరిటుగుడ్డలు పనికివచ్చును. చేతులు శుభ్రపరచుకొను జిగురువంటి ద్రవమును వాడరాదు. దానిలో చర్మమునకు మెత్తదనమిచ్చు వస్తువులు కలిసియుండి పైన పొరగా నిలుచును. తుడిచిన తరువాత స్పిరిటు పూర్తిగా ఎగిరిపోవువరకు ఓపికపట్టవలెను. ఆ చోటును మరల వ్రేలితో తాకరాదు. వ్రేలిజిడ్డు కంటికి కానరాదుగాని ముక్కకు తెలియును.

నాలుగవది ముక్క నంటించుట. కాగితమును కొంతమేర ఒలిచి, రంధ్రము సరిగా నడిమికి వచ్చునట్లు చూచుకొని, ఒకప్రక్కనుండి నెమ్మదిగా పరచవలెను. ఒకసారి తాకినదానిని ఎత్తి మరల పెట్టుట పనికిరాదు. పిమ్మట బొటనవ్రేలితో నడిమినుండి అంచులవైపునకు రుద్ది, లోపలి గాలిబుడగలను వెలికి తోసి, రెండు మూడు నిమిషములు బలముగా నొక్కిపట్టవలెను. సుత్తితో పనిలేదు. జిగురుతో అంటించు రకమైనచో దానిని పలుచగా పూసి, డబ్బీపై వ్రాసినంతసేపు ఆరనీయవలెను. ఎక్కువ పూసినచో ఎక్కువ పట్టునను భ్రమ తగదు.

ఐదవది మిక్కిలి ముఖ్యము. ముక్కవేసిన తరువాత మన పనివారు ట్యూబునకు గాలికొట్టి మరల నీటిలో ముంచి పరీక్షింతురు. రబ్బరు విషయమున అది మంచి అలవాటే. ప్లాస్టిక్ ట్యూబు విషయమున అదియే మరమ్మతును చెరచును. ఇట్లేల జరుగునో చెప్పెదము. బయట గాలి కొట్టినప్పుడు ట్యూబు సాగును. పైనున్న ముక్క అంతగా సాగదు. రెంటి నడుమనున్న జిగురు చీలును. టైరులోపలనైనచో సంగతి వేరు. అచ్చట గాలి ఒత్తిడిని మోయునది టైరేగాని ట్యూబు గాదు. ట్యూబు గాలిని బయటికి పోనీయని పొర మాత్రమే. సన్నని టైరులో చదరపు అంగుళమునకు సుమారు 87 పౌన్ల ఒత్తిడి యుండును. అనగా చదరపు సెంటీమీటరుకు దాదాపు 6 కిలోలు. ముక్క పొడవు వెడల్పులు రెండేసి సెంటీమీటర్లయినచో దాని వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లు. లోపలిగాలి దానిని టైరు గోడకేసి సుమారు 24 కిలోల బరువుతో అదిమిపట్టును. చేతితో మనము ఎంతసేపు నొక్కినను అంత బలము రాదు. కావున ముక్కను పరీక్షింపవలసిన చోటును టైరులోపలనే, దానిని బిగింపవలసిన చోటును టైరులోపలనే.

టైరులో పెట్టుటకు ముందు ట్యూబునకు రూపము నిలుచునంత గాలి మాత్రము కొట్టవలెను. వాల్వును రిమ్ము రంధ్రమున దూర్చి, ట్యూబును మెలిపడకుండ చుట్టును పరచి, టైరు అంచును చేతులతోనే లోపలికి నెట్టవలెను. చివర బిగువుగానున్నను లీవరును వాడకుండుటకు ప్రయత్నింపవలెను. తరువాత చక్రమునకు చుట్టును రెండు ప్రక్కల టైరును కొంచెము ప్రక్కకు నొక్కి, ట్యూబు ఎక్కడైన అంచుక్రింద చిక్కినదేమో చూడవలెను. చిక్కినచో గాలి నిండునప్పుడే తుపాకివలె ప్రేలును. అంతయు సరిగానున్నచో కొంచెము గాలికొట్టి, చక్రమును త్రిప్పిచూచి, పిమ్మట పూర్తి ఒత్తిడికి తేవలెను. టైరులోనే పెద్దచీలిక యున్నచో దానివద్ద లోపలివైపున పాతటైరుముక్కనో, టూత్‌పేస్టుగొట్టపు ముక్కనో అడ్డుపెట్టవలెను. లేనిచో పలుచని ట్యూబు ఆ చీలికగుండ బయటికి పొంగి పగులును.

వాల్వునుగూర్చి ఒకమాట. మన పాతసైకిళ్ళలో చిన్నరబ్బరుతొడుగుగల వాల్వు ఉండును. ప్లాస్టిక్ ట్యూబులకు తరచు ప్రెస్టా అను సన్నని వాల్వు ఉండును. దాని కొననున్న చిన్నమరను వదులుచేసిన పిమ్మటనే గాలి లోపలికి పోవును. దీనికి వీధిలోని పంపు నేరుగా పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరును సంచిలో ఉంచుకొన్నచో ఎక్కడనైన గాలి కొట్టించుకొనవచ్చును. కొన్నిటికి వాల్వుగొట్టము కూడ ప్లాస్టిక్ దే గనుక పంపును బిగించునప్పుడు వంచరాదు. వాల్వు మొదట, అతుకు వెంబడి పడిన రంధ్రములకు ముక్క నిలువదు. పొడవుగా చీలినదానికిని నిలువదు. అట్టి ట్యూబును మార్చుటయే మంచిది.

మరి రెండు జాగ్రత్తలు. ఈ ట్యూబును పెట్టెపై వ్రాసిన టైరుకొలతకే వాడవలెను. సాగునుగదా యని పెద్దటైరులో పెట్టినచో మరమ్మతు ముక్కకు నిలుకడ ఉండదు. రెండవది వేడి. రిమ్మును పట్టు బ్రేకులు కొండదారులలో దిగునప్పుడు రిమ్మును బాగుగా కాచును. వేడికి మెత్తబడుట ఈ పదార్థపు స్వభావమని చెప్పియుంటిమి. అందుచేత మిక్కిలి పలుచని రకములలో కొన్నిటిని డిస్కుబ్రేకులున్న సైకిళ్ళకు మాత్రమే వాడవలెనని తయారుచేయువారే వ్రాయుచున్నారు. తిరుమల, అరకు ఘాటుదారులలో రిమ్ముబ్రేకులతో దిగదలచువారు ఆ వ్రాతను చదివియే కొనవలెను.

ఇంతకును మేము చెప్పదలచినది ఇది. ఈ ట్యూబు బాగుపడని వస్తువు కాదు; బాగుచేయు పద్ధతి మాత్రము వేరు. దీనిని వాడువారు ముక్కలడబ్బీ, స్పిరిటుగుడ్డ, అడాప్టరు సైకిలుతోపాటు ఉంచుకొనవలెను. షాపునకు తీసికొనిపోయినప్పుడు ఇది రబ్బరు గాదని, ఆకురాయి, సొల్యూషను వద్దని, బయట ఎక్కువగా గాలికొట్టరాదని పనివానికి ముందే మర్యాదగా చెప్పవలెను. ఏండ్లతరబడి వేలకొలది ట్యూబులను చూచిన ఆ చేతులకు ఈ మూడు మాటలు చాలును. ఒకటి రెండు సారులు చేసినచో ఆయనకు ఇదియు అలవడును. ఆయన షాపులో సొల్యూషను ప్రక్కన స్పిరిటుసీసా కూడ చేరును. వేలరూపాయల సైకిళ్ళు ఆయన పందిరి దాటిపోక అచ్చటనే ఆగును. చెత్తకుండీలో పడవలసిన ట్యూబు మరికొన్ని సంవత్సరములు గాలిని మోయును.